రెసిడెన్సీకి మొక్క వెతుక్కోనక్కర్లేదు, మీ నాన్నగారి చేలోనే ఉంది

ముందు మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు చెప్తాను, తర్వాత చదివేవాళ్లకు కూడా పనికొస్తుంది. మీది అనంతపురం జిల్లా. ఫైన్ ఆర్ట్స్ పీజీ అయిపోయింది. బెంగళూరులో ఆరు వారాల ఆర్టిస్ట్ రెసిడెన్సీకి, అంటే ఒక సంస్థ చోటూ స్టైపెండూ ఇచ్చి పని చేసుకోనిచ్చేదానికి, ఎంపికయ్యారు, అక్టోబర్ మధ్య నుంచి నవంబర్ ఆఖరు దాకా. విషయం 'మొక్కలు, తోటలు, మనుషుల సంబంధాలు'. మీకు బోటనీ రాదు, ఇంట్లో తోట లేదు. మీతోపాటు వస్తున్నవాళ్లలో ఇద్దరు విదేశీ ఆర్టిస్టులు, వాళ్ల ప్రపోజల్స్ చదివాక మీకు టెన్షన్ మొదలైంది. ఏ మొక్క పట్టుకోవాలి, బెంగళూరులోని పెద్ద బొటానికల్ తోట లాల్‌బాగ్ మీద చేస్తే సరిపోతుందా, చివర్లో జనం వచ్చి పని చూసే ఓపెన్ స్టూడియోలో ఏం పెట్టాలి అని అడిగారు. మధ్యలో ఒకచోట 'మా నాన్న వేరుశనగ వేస్తారు, కానీ అది చేను, తోట కాదు కదా' అని రాసి ముందుకెళ్లిపోయారు.

నేను ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను.

నా సంగతి రెండు ముక్కలు. నాది శ్రీకాళహస్తి. బెంగళూరొచ్చి ఇరవై రెండేళ్లయింది. బొమ్మలు వేస్తాను, చెట్ల రంగులతో గుడ్డ మీద పని చేస్తాను. ఇలాంటి రెసిడెన్సీలు మూడు చేశాను, ఇప్పుడు పిల్లలు చేసేవాటికి అప్పుడప్పుడు మెంటర్‌గా పిలుస్తుంటారు. మొక్కల థీమ్ అనగానే అందరూ ఒకటే పని చేస్తారు. తమకు తెలియని మొక్క కోసం లాల్‌బాగ్‌కు పరిగెడతారు. నేనూ మొదటిసారి అదే చేశాను.

వేరుశనగ గురించి మీకు తెలిసినంత ఇక్కడ నాకు తెలిసిన ఏ ఆర్టిస్టుకూ తెలీదు. పసుప్పచ్చ పువ్వు పైన పూస్తుంది, కాయ భూమిలో కాస్తుంది. పువ్వు వాడాక దాని మొదట్లోంచి ఊడ బయల్దేరి, వంగి, మట్టిలోకి దిగి, అక్కడ కాయవుతుంది. ఊడలు దిగేవేళకు వాన లేక నేల గట్టిపడితే మీ ఇంట్లో మాటల తీరు ఎలా మారుతుందో మీరు చిన్నప్పట్నుంచి వింటూనే ఉంటారు. ఆ ఏడు ఫీజు కట్టడం ఆలస్యమవుతుందా లేదా అన్నది కూడా ఆ ఊడ మీదే ఆధారపడి ఉంటుంది. రెసిడెన్సీవాళ్లు బ్రోషర్‌లో 'సంబంధాలు' అని రాసింది దీన్నే, వాళ్లకు ఆ సంగతి తెలిసినా తెలియకపోయినా.

ఇంకో సంగతి, మీకు తెలుసో లేదో. బసవనగుడిలో దొడ్డ బసవన్న గుడి దగ్గర ఏటా కార్తీక మాసం చివరి సోమవారం కడలెకాయి పరిషె జరుగుతుంది. కన్నడంలో కడలెకాయి అంటే మన వేరుశనక్కాయే, పరిషె అంటే తిరునాళ్ల. ఒకప్పుడు ఆ చుట్టుపక్కలంతా పల్లెలు, అంతటా ఇదే పంట. ఎద్దొకటి వచ్చి రోజూ పంట మేసేస్తుంటే రైతులు బసవన్నకు మొక్కుకున్నారని, తొలి పంట ఆయనకే పెడతామన్నారని కథ. ఇప్పుడు ఆ పల్లెలన్నీ పేటల పేర్లుగా మిగిలాయి, చేలు లేవు. కాయలు మాత్రం కర్ణాటక పల్లెల నుంచి, ఆంధ్ర నుంచి, తమిళనాడు నుంచి బస్తాల్లో దిగుతాయి. బుల్ టెంపుల్ రోడ్డు పొడవునా కుప్పలు పోసి సేర్లతో కొలుస్తారు. పచ్చివి, వేయించినవి, ఉడకబెట్టినవి. క్యాలెండర్ చూసుకోండి, చాలా ఏళ్లు అది నవంబర్ రెండో సగంలోనే పడుతుంది. అంటే మీ ఆరు వారాల్లో. సరిగ్గా మీ ఊళ్లో కాయ పీకి, వొలిచి, ఆరబెట్టే రోజులు కూడా అవే. ఇంతకంటే మంచి తేదీలు ఏ క్యూరేటరూ కుదర్చలేడు.

ఇక తోటా చేనూ అన్న మాట. మన సీమలో బావో బోరో ఉంటే అది తోట, వానను నమ్ముకుంటే చేను. రెండింటికీ మధ్య తేడా అందం కాదు, నీళ్లు. ఈ ఒక్క మాటే ఒక పనికి సరిపడా సరుకు. బెంగళూరువాళ్లకు తోట అంటే నడకకు వెళ్లే చోటు. మీ అమ్మగారికి తోట అంటే మోటారు. ఈ రెండు అర్థాలూ పక్కపక్కన పెట్టి చూడండి, మీకే ఏదో తడుతుంది.

లాల్‌బాగ్‌కు వెళ్లొద్దని కాదు, తప్పకుండా వెళ్లండి. కానీ మొదటి వారం స్కెచ్‌బుక్ లేకుండా వెళ్లండి. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టించాడు, టిప్పు పెంచాడు, ఇప్పుడు 240 ఎకరాలు. పొద్దున్నే వెళ్లి ఆ బండ ఎక్కి కూర్చోండి. దాని వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లు. ఆ బండ మీద కూర్చుంటే మన ఆరు వారాల డెడ్‌లైన్ మీద కాస్త నవ్వొస్తుంది.

అక్కడ మీరు చూసే చెట్లలో ఎన్నో వలసొచ్చినవే. గుల్‌మొహర్ మడగాస్కర్‌ది. జకరండా, రెయిన్ ట్రీ అమెరికా ఖండాలవి. క్రుంబీగల్ అనే జర్మన్ తోటమాలి 1908లో ఇక్కడికొచ్చి 1932 దాకా లాల్‌బాగ్ చూసుకున్నాడు. ఒక చెట్టు పూత అయిపోయేసరికి ఇంకో చెట్టు పూతకొచ్చేలా వీధుల్లో వరుసగా నాటించాలన్న ఆలోచన ఆయనదే. తర్వాత 1980ల్లో నెగిన్‌హాళ్ అనే అటవీ అధికారి ఆధ్వర్యంలో నగరమంతా పదిహేను లక్షల మొక్కలు నాటారు. ఈ ఊళ్లో నీడ ఊరికే రాలేదు, జీతం తీసుకుని పనిచేసిన మనుషులు నాటి, నీళ్లు పోసి పెంచారు. ఆ నీళ్లు పోసినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. మీలాంటివాళ్లకు పని అక్కడుంది.

వీటన్నిటికన్నా నాకు ఇష్టమైనది మాత్రం మన వంటింట్లో ఉంటుంది. బెంగళూరు వంకాయ. పప్పులో వేస్తాం, పచ్చడి చేస్తాం. అది వంకాయా కాదు, బెంగళూరుదీ కాదు. దొండ, బీర, సొర చుట్టం. పుట్టిల్లు మెక్సికో వైపు. క్రుంబీగల్ కంటే ముందు లాల్‌బాగ్ చూసిన జాన్ కామెరాన్ దీన్ని ఇక్కడికి తెచ్చాడని చెబుతారు. కన్నడంవాళ్లు దాన్ని సీమె బదనెకాయి అంటారు, అంటే సీమ వంకాయ. వాళ్లకది పరాయి దేశానిది, మనకేమో బెంగళూరుది. ఎవరింటికి వచ్చినా దాన్ని పక్కింటి నుంచి వచ్చిందనే పిలిచారు.

రెండేళ్ల కిందట నేను మెంటర్‌గా ఉన్న ఒక బ్యాచ్‌లో ఒకమ్మాయి చేతులు ఖాళీగా కూర్చుని బాగా దిగులు పడిపోయింది. బజారుకెళ్లి ఒక బెంగళూరు వంకాయ కొనుక్కొచ్చి కిటికీలో పెట్టుకోమన్నాను, అంతే. మట్టి లేదు, నీళ్లు లేవు. పది పన్నెండు రోజులకు కాయ కింది చీలిక కొంచెం తెరుచుకుని, లోపలి గింజ నాలుక బయటపెట్టినట్టు పెట్టింది. ఆ కాయలో ఒకే ఒక గింజ ఉంటుంది, అది కాయను వదిలిపెట్టదు, తల్లి కండ తింటూనే మొలకేస్తుంది. మూడో వారానికి మొలక కిటికీ చువ్వను నులితీగతో పట్టుకుంది. కాయేమో రోజురోజుకూ ముడతలు పడింది. ఆ పిల్ల రోజుకొక బొమ్మ చొప్పున ముప్పై బొమ్మలు వేసింది, అన్నీ ఒకే సైజు, పెన్సిల్‌తో. పక్కన ఆ రోజు ఇంటికి ఫోన్ చేసి వాళ్లమ్మతో ఎన్ని నిమిషాలు మాట్లాడిందో రాసింది. ఓపెన్ స్టూడియోలో జనం ఎక్కువసేపు నిలబడింది ఆ గోడ దగ్గరే. ఒక పెద్దావిడ అయితే కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ మొదటి బొమ్మ దగ్గర్నుంచి చూసుకుంటూ వచ్చింది.

బోటనీ రాదన్న భయం గురించి. ఈస్టిండియా కంపెనీ కాలంలో మద్రాసులో రాబర్ట్ వైట్ అనే స్కాట్లండ్ వైద్యుడు దక్షిణ భారతం మొక్కల మీద పనిచేశాడు. ఆయన పుస్తకాలకు బొమ్మలు వేసినవాళ్లు రంగయ్య, గోవిందు. పేర్లు వింటుంటేనే మన వీధిలోవాళ్లలా ఉన్నారు కదా. వాళ్లు కాలేజీలో బోటనీ చదవలేదు. చూసింది చూసినట్టు వేశారు, కేసరాలు లెక్క తప్పకుండా. వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందు పేరే పెట్టాడు, గోవిందూయియా అని. ఇప్పుడు ఆ పేరు వాడరు, ఆ మొక్కను ట్రోపిడియాలో కలిపేశారు, అది వేరే సంగతి. వాళ్ల బొమ్మలు ఎడిన్‌బరో బొటానిక్ గార్డెన్‌లో భద్రంగా ఉన్నాయి. లాల్‌బాగ్‌లోనే కామెరాన్ రోజుల్లో చెలువయ్య రాజు అనే చిత్రకారుడు ఇదే పని చేశాడు. కాబట్టి మీ వృత్తికి ఇక్కడ పాత బంధువులున్నారు. శాస్త్రీయ నామం అనుమానంగా ఉంటే ఇక్కడి సైన్స్ సంస్థ ఐఐఎస్‌సీలో హెర్బేరియం, అంటే ఆరబెట్టి పేర్లు రాసి దాచిన మొక్కల సేకరణ, ఉంది, ముందే మెయిల్ పెట్టి అడిగి వెళ్లండి. వేరుశనగకు ఆ అవసరం కూడా లేదు. దాని పేరు మీ నాన్నగారు చెప్తారు, కదిరి-6 అనో ఇంకోటనో. ఆ పేరు కూడా బొమ్మ కింద రాయండి, లాటిన్ పేరు ఒక్కటే రాయకండి.

మనుషుల దగ్గరికొద్దాం. ఇక్కడ నేనొక తప్పు చేశాను, దాచుకోకుండా చెప్తాను.

నవంబర్‌లో బెంగళూరు వీధుల్లో ఆకాశమల్లె పూస్తుంది. పొడుగు కాడ, తెల్లటి పువ్వు, రాత్రిపూట మత్తెక్కించే వాసన. తెల్లారేసరికి ఫుట్‌పాత్ అంతా తెల్లగా పరుచుకుంటుంది. మా వీధిలో దాన్ని ఊడ్చే పౌరకార్మికురాలు తెలుగావిడ. ఈ నగరాన్ని ఊడ్చేవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది, ఇది మీకు ముందుముందు బాగా అక్కరకొస్తుంది. ఒకరోజు నేను పూల ఫోటోలు తీస్తుంటే పక్కన నిలబడి, "ఫోటోలు తీసేవాళ్లకు పూలు సార్, మాకు చెత్త. మంచుకు తడిసి రోడ్డుకు కరుచుకుంటాయి, పొరకకు రావు" అంది. తర్వాత టీ తాగుతూ గట్టు మీద కూర్చుని, ఏరి పెట్టుకున్న పూలు ఒళ్లో పోసుకుని, ఆ పొడుగు కాడలనే ఒకదానిలోకి ఒకటి పెనవేస్తూ దారం లేకుండా జడలా అల్లేసింది. ఐదు నిమిషాలు పట్టిందేమో. వాళ్ల మనవరాలికట.

నేను ఆ చేతుల ఫోటో తీశాను. అడిగే తీశాను. కానీ అది ఎక్కడ పెడతానో చెప్పలేదు. నాలుగడుగుల ప్రింట్ వేసి ఎగ్జిబిషన్‌లో పెట్టాను. ముఖం లేదు కదా, పర్లేదనుకున్నాను. కానీ యూనిఫాం కోటు అంచు కనిపిస్తోంది, వెనకాల వీధి కనిపిస్తోంది. ఎవరో ఫోన్‌లో తిప్పారు, అది తిరిగి తిరిగి ఆవిడ సూపర్‌వైజర్ దగ్గరికి చేరింది. డ్యూటీలో పూలు అల్లుకుంటున్నావా అని సగం రోజు కూలి కోశాడు. నాకు పది రోజుల తర్వాత తెలిసింది. డబ్బులివ్వబోతే తీసుకుంది, కానీ ఆ తర్వాత నేను కనిపిస్తే ఊడవడం ఆపి మాట్లాడటం మానేసింది. ఆ ప్రింట్ ఇప్పటికీ మా ఇంట్లో గోడవైపు తిప్పి ఉంది.

కాబట్టి ఎవరితోనైనా కూర్చుంటే, ఇది ఎక్కడ పెడతారో, ఎవరు చూస్తారో వాళ్ల భాషలో ముందే చెప్పండి. బొమ్మ అయ్యాక తీసుకెళ్లి చూపించండి. వద్దంటే తీసేయండి. వాళ్ల రెండు గంటలు తీసుకుంటే ఆ రోజు కూలి ఇవ్వండి, ఇది దానం కాదు, మెటీరియల్ ఖర్చు లాంటిదే. బడ్జెట్‌లో కాగితం, రంగులు అని రాసిన చోటే ఇదీ ఒక లైన్ రాయండి. రెసిడెన్సీవాళ్లు ఎందుకని అడిగితే, మీకిచ్చే స్టైపెండ్ దేనికో దీనికీ అందుకే అని చెప్పండి. మీ నాన్నగారికి కూడా ఇదే వర్తిస్తుంది. ఇంటివాళ్లే కదా అని మనం అడగకుండా వాడేసుకుంటాం.

డబ్బు మాట వచ్చింది గనక. స్టైపెండ్ ఎప్పుడిస్తారు, మెటీరియల్ బిల్లులు ఎన్నాళ్లలో చెల్లిస్తారు, చేసిన పని చివరికి ఎవరిది, ఈ మూడూ మెయిల్‌లో రాయించుకోండి. ఒక సంస్థ నాకు బిల్లుల డబ్బులు ఐదు నెలలకిచ్చింది, అదీ పన్నెండు ఫోన్‌ల తర్వాత.

లాల్‌బాగ్‌లో పువ్వు కోయకూడదు, ట్రైపాడ్ పెట్టి పెద్ద కెమెరాతో తీయాలంటే తోటలశాఖ అనుమతి కావాలి. వీధి చెట్ల కొమ్మలు కూడా కొట్టకండి, కర్ణాటకలో 1976 నుంచి చెట్ల రక్షణ చట్టం ఉంది. రాలినవి ఏరుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు. మొక్కలు కావాలంటే సిద్ధాపుర నర్సరీలకు వెళ్లండి, లాల్‌బాగ్ గోడ పక్కనే. కొనకపోయినా కబుర్లు చెప్తారు.

పని పద్ధతుల గురించి ఎక్కువ చెప్పను, మీరు నేర్చుకునే వచ్చుంటారు. సయనోటైప్ గురించి మాత్రం ఒక్క మాట, అంటే మందు పూసిన కాగితం మీద ఆకు పెట్టి ఎండలో నీలం బొమ్మ తీసే పద్ధతి. మొక్కల రెసిడెన్సీ అంటే నీలం కాగితం మీద తెల్లటి ఆకు, ఎక్కడ చూసినా అదే. 1843లోనే అన్నా అట్కిన్స్ సముద్రపు నాచుతో చేసి చూపించింది. ఆ తర్వాత అందరం ఆవిడకు అప్పుపడ్డాం. చేయొద్దనను. కానీ అక్టోబర్‌లో ఇక్కడ ఎండను నమ్ముకోవద్దు, మధ్యాహ్నం మూడింటికి మబ్బు వస్తుంది, మీ ప్రింట్ బూడిదరంగులో మిగులుతుంది.

మొక్కల్ని అదిమిపెట్టి ఆరబెట్టాలనుకుంటే ఆ వానల్లో బూజు ఖాయం. మొదటి వారం రోజూ పేపర్ మార్చాలి, మానేస్తే పోతుంది. నా మొదటి రెసిడెన్సీలో నలభై మొక్కలు అదిమి, మూడు రోజులు ఊరెళ్లి వచ్చేసరికి నలభైకీ నల్ల మీసాలొచ్చాయి. వేరుశనగకు ఇంకో చిక్కు ఉంది. కాయలు లావు, ఆకులు పల్చన. పలకల మధ్య పెడితే కాయలున్న చోటే బరువు పడుతుంది, ఆకులు ముడుచుకుంటాయి. ఆకుల మీద స్పాంజి ముక్కలో, మడిచిన పేపరో పెట్టి ఎత్తు సమం చేయాలి.

రంగు కావాలంటే పప్పు మీది ఎర్ర పొట్టు పారేయకండి. పల్లీలు వేయించి అమ్మే కొట్టు దగ్గర అడిగితే సంచెడు ఇస్తారు. నీళ్లలో గంట మరిగించి వడకట్టండి. పటిక పట్టించిన నూలుగుడ్డ మీద గులాబి కలిసిన గోధుమరంగు వస్తుంది. మా కాళహస్తి కలంకారీలో నల్లరంగుకు ఇనుప తుక్కు, బెల్లం నీళ్లలో వేసి వారాల తరబడి నానబెడతారు. ఆ నీళ్లతో ఇదే గుడ్డ మీద గీస్తే ముదురు బూడిదరంగు గీత పడుతుంది. గుడ్డను ముందు కరక్కాయ, పాలు కలిపి తడిపి ఆరబెట్టుకుంటే గీత చెదరదు, అది మా ఊరి పద్ధతి. గేదెపాలు దొరికితే మేలు. ప్యాకెట్ పాలతో నాకు కుదర్లేదు. ఆ రంగు ఎండకు ఎంత నిలుస్తుందో చూడటానికి ఒక ముక్కను సగం మూసి పది రోజులు కిటికీలో పెట్టి చూడండి, తర్వాతే పెద్ద గుడ్డ మొదలుపెట్టండి.

ఇప్పుడు ఓపెన్ స్టూడియో. కాయల కుప్ప పోసి ఇన్‌స్టలేషన్ అనకండి, జనం తింటారు, ఫోటో దిగుతారు, పోతారు. మీ నాన్నగారి దగ్గర లెక్కల పుస్తకం ఉంటుంది. చాలామంది రైతుల దగ్గర ఉంటుంది, పాత డైరీలోనో, పిల్లల నోట్‌బుక్ వెనకో. విత్తనం ఎంత, జిప్సం ఎంత, కలుపు కూలి ఎంత, ఎవరి దగ్గర ఎంత తెచ్చింది. ఆయన ఒప్పుకుంటే ఒక్క సీజన్ పేజీలు తీసుకోండి. ఒక గోడకు మొక్క బొమ్మలు, దుక్కి నుంచి కాయ దాకా. ఎదురు గోడకు అదే తేదీల లెక్కలు, ఆ పొట్టు రంగుతో ఆయన చేతిరాతలాగే గుడ్డ మీద రాసి. మధ్యలో పరిషెలో సేరు ఎంతకు అమ్ముతున్నారో ఆ రోజు మీరు రాసుకొచ్చింది. ఇది నాకు తట్టిన దారి మాత్రమే, మీకు ఇంకోటి తట్టొచ్చు. నాన్నగారు వద్దంటే అసలు వద్దు, అప్పుల లెక్క ఊరందరికీ చూపించడం ఎవరికైనా కష్టమే. అప్పుడు అమ్మగారిని అడగండి, ఆవిడ దగ్గర వేరే లెక్క ఉంటుంది. గోడ మీద రాత ఇంగ్లీషులో ఒక్కటే పెట్టకండి, కన్నడం, తెలుగు కూడా ఉండాలి. చూడటానికి వచ్చేవాళ్లలో వాచ్‌మన్, వంటావిడ కూడా ఉంటారు.

ఆ విదేశీ ఆర్టిస్టులతో పోల్చుకోవద్దు. వాళ్లు మొదటి రెండు వారాలు అనువాదకుడి కోసం వెతుక్కుంటారు. మీరు దిగిన రోజే పూలమ్మేవాళ్లతో, ఊడ్చేవాళ్లతో, మేస్త్రీలతో తెలుగులో మాట్లాడగలరు. కె.ఆర్. మార్కెట్ పూల బజారుకు వాళ్లనూ మీరే తీసుకెళ్లండి, పొద్దున ఐదింటికల్లా ఉండాలి, చిల్లర తీసుకెళ్లండి. మనం మూర అనేదాన్ని అక్కడ మొళ అంటారు. ఎవరి మోచెయ్యి పొడుగైతే వాళ్ల దగ్గర కొనుక్కోండి.

బయల్దేరే ముందు రోజు చేలోంచి ఒక మొక్క నిదానంగా, వేళ్లతో, ఊడలతో, కాయలతో సహా పీకి, తడి గోనెలో చుట్టి బస్సులో తెచ్చుకోండి. మట్టి అక్కడ దులపొద్దు. ఇక్కడ స్టూడియోలో తెల్ల కాగితం పరిచి దాని మీద దులుపుదాం, ఆ మట్టి కూడా కావాలి. మొదటి శనివారం నేను వస్తాను, కరక్కాయలు నేను తెస్తాను.